రాయైన తీరం

రేవుపురం సముద్రపు ఒడ్డున మున్సిపల్ చైర్మన్ గారు గునపం ఎత్తి ఇసుకలో పొడిచారు. గునపం దిగలేదు. ఖణేల్మని మోగి ఆయన చేతుల్లోంచి జారి పక్కకు పడింది. చుట్టూ నిలబడ్డ జనం చప్పట్లు కొట్టారు. కెమెరాల కోసం ఆయన మళ్లీ పొడిచారు. మళ్లీ దిగలేదు.

కాస్త దూరంగా గొడుగు కింద నిలబడి చూస్తున్న గరికిన హైమావతికి సంతోషం కన్నా ముందు అలసట కలిగింది. ఆ ఇసుకను రాయిగా మార్చడానికి ఆమెకు సగం జీవితం పట్టింది. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర, పాడుబడ్డ ఉప్పు మడుల బురదలో దొరికిన ఒక సూక్ష్మజీవిని ఆమె ప్రయోగశాలలో పెంచి, మచ్చిక చేసి, దానికి బంధిని అని పేరు పెట్టింది. బంధినికి కావాల్సింది యూరియా. అది యూరియాను తిని, సముద్రపు నీటిలోని సున్నాన్ని లాగి, ఇసుక రేణువుల మధ్య జిగురులా పేరుస్తుంది. వారం తిరిగేసరికి కాళ్ల కింద జారిపోయే ఇసుక కొండరాయిలా బిగుస్తుంది. ఒడ్డు పొడవునా గొట్టాలు పాతి బంధినికి మేత పెట్టారు. కావాల్సినంత గట్టిపడ్డాక మేత ఆపేశారు. మేత లేకపోతే బంధిని నిద్రపోతుంది. గోడ అక్కడితో ఆగిపోతుంది.

ఏటా సముద్రం ముందుకొచ్చి వీధులకు వీధుల్ని మింగుతున్న ఆ తీరంలో ఇంతకు ముందు వేసిన బండరాళ్ల గోడలన్నీ రెండేసి తుఫానులకే కూలిపోయాయి. బంధిని కట్టిన గోడకు మాత్రం అతుకుల్లేవు. రేవుపురం హార్బరు, దాని వెనకున్న కోల్డ్ స్టోరేజీలు, రొయ్యల ఫ్యాక్టరీలు, కొత్తగా వేసిన నాలుగు వరుసల రోడ్డు అన్నీ దక్కాయి. తీరప్రాంత అభివృద్ధి మండలి కమిషనర్ చంద్రమౌళి ఆ రోజు వేదిక మీద, ఈ పట్నానికి మరో వందేళ్లు ఆయుష్షు పోసింది మన ఊరి ఆడపడుచేనని చెప్పి హైమకు శాలువా కప్పాడు.

నిజానికి హైమది రేవుపురం కాదు. దానికి ఉత్తరాన, బస్సులో పావుగంట దూరంలో ఉన్న చినముక్కాం. మత్స్యకారుల ఊరు. ఆమె అన్న సింహాద్రి వేటకెళ్లి చెల్లెల్ని చదివించాడు. ఆమె డిగ్రీలో ఉండగా ఒక తుఫానులో పడవతో సహా తిరిగి రాలేదు. అప్పటికి వదిన ధనకొండ చంకలో ఏడాది నిండని పిల్లవాడున్నాడు. అయినా ఆమె చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగి, ఆడపడుచు చదువు ఆగకుండా చూసింది. ఆ పిల్లవాడు ఎల్లాజీ ఇప్పుడు వేటకెళ్లే వయసువాడయ్యాడు. ధనకొండ చినముక్కాం సర్పంచి అయింది.

గోడ కట్టిన మరుసటి వేసవిలో ధనకొండ ప్రయోగశాలకు వచ్చింది. ఎప్పుడొచ్చినా లోపలికి రాదు, గాజు సామాను చూస్తే భయమంటుంది. మెట్ల మీదే కూర్చుని, హైమ తెచ్చిన మంచినీళ్లు తాగి, తమ ఊరి ఒడ్డు ఎలా ఉందో చెప్పడం మొదలుపెట్టింది. చేపలు ఎండబెట్టుకునే మేర మొత్తం పోయింది. బోట్లు లాగిపెట్టుకునే చోటు పోయింది. మొన్నటి పౌర్ణమి పోటుకు ముందు వరసలో ఇళ్ల పునాదులు బయటపడ్డాయి.

"పట్నానికి గోడ కట్టాక మాకు ఇసుక రావట్లేదు హైమా," అంది చివరికి.

హైమకు అది కొత్త సంగతి కాదు. ఆ తీరంలో ఇసుక ఒకచోట ఉండేది కాదు. గాలులు దక్షిణం నుంచి వీచే కాలమంతా అలలు దాన్ని కొంచెం కొంచెంగా ఉత్తరానికి తోస్తుంటాయి. రేవుపురం ఒడ్డున కోసుకుపోయిన ఇసుకే చినముక్కాం ఒడ్డున మేట వేసేది. రేవుపురం ఇసుక రాయయ్యాక చినముక్కానికి రావడానికి ఇసుక లేదు. ఈ మాట ఆమె మొదట్లోనే మండలికి చెప్పింది. రెండో విడతలో చినముక్కానికీ గోడ కడతామని చంద్రమౌళి అప్పుడు మాటిచ్చాడు. ఆ మాట పట్టుకునే ఆమె పనిలోకి దిగింది.

వదినను వెంటబెట్టుకుని హైమ మండలి ఆఫీసుకు వెళ్లింది. చంద్రమౌళి మర్యాద తెలిసిన మనిషి. కాఫీ తెప్పించాడు, ధనకొండ చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు. తర్వాత నిధి ఎలా వస్తుందో వివరించాడు. వాతావరణ మార్పు తట్టుకోవడానికి ఇచ్చే నిధిని, గోడ వెనక కాపాడబడే ఆస్తి విలువను బట్టి ఇస్తారు. హార్బరుకు విలువ ఉంది, ఫ్యాక్టరీకి విలువ ఉంది. చినముక్కాంలో ఉన్నవి శ్లాబు ఇళ్లు, పాకలు, ఫైబరు బోట్లు, పట్టాలు లేని స్థలాలు. పై నుంచి వచ్చిన సూత్రంలో అవన్నీ కలిపి వేసినా గోడ ఖర్చుకు దరిదాపుల్లోకి రావు. పంచాయతీ తన సొంత నిధుల నుంచి ఏమైనా పెట్టుకోగలదా అని అడిగాడు. పంచాయతీకొచ్చే నిధులు వీధి దీపాలకీ బ్లీచింగు పౌడరుకీ సరిపోవడమే గగనమని ధనకొండ చెప్పింది.

"మీ ఊరు ముఖ్యం కాదని నేననట్లేదు ధనకొండ గారూ," అన్నాడు చంద్రమౌళి. "లెక్కలోకి రావట్లేదు, అంతే."

బయటికొచ్చి ఇద్దరూ బస్టాపు దాకా నడిచారు. బస్సెక్కే ముందు ధనకొండ, ఆ మందు నీ దగ్గరుంది కదా అని అడిగింది. మండలి అనుమతి లేకుండా బంధినిని బయటికి ఇవ్వకూడదని హైమ చెప్పింది. ధనకొండ తల ఊపి బస్సెక్కింది. ఆమె మళ్లీ అడగలేదు. అడిగి ఉంటే హైమ కాదనగలిగేదేమో. అడక్కుండా వెళ్లిపోవడం వల్ల ఆ కోరిక హైమ దగ్గరే ఉండిపోయింది.

ఆ ఆశ్వయుజంలో వచ్చిన వాయుగుండానికి చినముక్కాంలో ముందు వరస ఇళ్లు పోయాయి. జనం తుఫాను షెల్టరులో ఉన్నారు కాబట్టి ప్రాణాలు దక్కాయి. నీళ్లు తీశాక హైమ వెళ్లి చూసింది. అన్న కట్టిన ఇంటి వాకిట్లోకి అల వచ్చి వెళుతోంది. ఆ పై ఆదివారం ఎల్లాజీ ట్రాలీ ఆటో తీసుకుని ప్రయోగశాలకు వచ్చాడు. రమ్మన్నది హైమే. ఇద్దరూ కలిసి నీలిరంగు ప్లాస్టిక్ డ్రమ్ముల్ని బండికెక్కించారు.

ఊరంతా పనికి వచ్చారు. గొట్టాలకు బదులు ముక్కలు కోసిన పాత వలల తాళ్లను ఇసుకలో పాతి, వాటి వెంట మందు, ఎరువుల కొట్లో కొన్న యూరియా నీళ్లు దించారు. ఆడవాళ్లు బిందెలతో పోశారు. ఇంకా ఎన్నాళ్లు పోయాలో, ఎప్పుడు ఆపాలో హైమ దగ్గరుండి చెప్పింది. ఒడ్డు బిగిసిందని తెలిసిన రోజున ఎల్లాజీ దాని మీద నిలబడి కాలితో తన్ని చూశాడు. అందరూ వంతులవారీగా వచ్చి తన్నారు. పిల్లలు చెప్పులు విప్పి దాని మీద పరుగెత్తారు.

తర్వాతి తుఫాను రేవుపురాన్నీ చినముక్కాన్నీ ఒకేలా కొట్టింది. రెండూ నిలబడ్డాయి. ఆ సంవత్సరం చినముక్కాంలో పెళ్లిళ్లు ఎక్కువగా జరిగాయి. కూలిన ఇళ్లవాళ్లు మళ్లీ పునాదులు తీశారు. ఎల్లాజీ కొత్త ఇంజను కొన్నాడు. మండలికి సంగతి తెలియకపోలేదు. ఖర్చు లేకుండా ఒక ఊరు నిలబడింది కనక చంద్రమౌళి చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

మొదట పాడైనవి మరుగుదొడ్లు.

ప్రభుత్వ పథకంలో ఇంటింటికీ కట్టినవి అవి. ఇసుకలో గుంట తవ్వి గుండ్రటి సిమెంటు ఒరలు దించారు. నీళ్లు అడుగు నుంచి ఇసుకలోకి ఇంకిపోతాయి. ఉన్నట్టుండి ఒకరి గుంట నిండి పైకి పొంగింది. తర్వాత పక్కింటివాళ్లది. లారీ తెప్పించి తోడించినా వారంలో మళ్లీ నిండుతున్నాయి. నీళ్లు ఇంకడం లేదు. వాన పడితే నీళ్లు వీధుల్లో చెరువులు కట్టి, అలాగే సముద్రంలోకి పారిపోతున్నాయి. ఇసుక నేల మీద అలాంటిది ఎవరూ చూసి ఎరగరు. వేసవి వచ్చేసరికి బోరింగులు గాలి లాగడం మొదలుపెట్టాయి. పంచాయతీ మంచినీళ్ల నూతిలో బొక్కెన వేస్తే అడుగున టక్కుమని తగులుతోంది. పైకి తోడిన కాసిని నీళ్లూ ముక్కుపుటాలు మండే వాసన వేస్తున్నాయి.

హైమ వచ్చి నాలుగైదు గుంటల పక్కన తవ్వించి చూసింది. పార దిగలేదు. ఆమె మోకాళ్ల మీద కూర్చుని ఆ గట్టి పొరను వేళ్లతో తడిమింది. ఏం జరిగిందో అక్కడే అర్థమైంది. ఒడ్డున మేత ఆపేసినా బంధిని నిద్రపోలేదు. దాని మేత ఊరి కిందే ఉంది. మనుషుల మూత్రంలో యూరియా ఉంటుంది. ఊళ్లో ప్రతి గుంటా దాన్ని ఇసుకలోకి వదులుతోంది. ఒడ్డు నుంచి ఆ రుచి పట్టుకుని, గుంట నుంచి గుంటకు, ఇంటి నుంచి ఇంటికి అది లోపలికి నడిచింది. చినముక్కాం తాగే తీపి నీళ్లు ఇసుక కింద పల్చటి పొరగా ఉంటాయి, వాన ఇంకితేనే ఆ పొర నిండుతుంది. ఇప్పుడు పైన ఇంకే దారి మూసుకుపోయింది, కింద నీటి ఊటలూ మూసుకుపోతున్నాయి.

రేవుపురంలో ఇలా కాలేదు. అక్కడ మండలి డబ్బుతో భూగర్భ డ్రైనేజీ వేశారు. పట్నపు మురుగంతా గొట్టాల్లో పోతుంది, ఇసుకను తాకదు. ఆమె పరీక్షలన్నీ రేవుపురం ఇసుకలోనే చేసింది. పుట్టి పెరిగిన ఊళ్లో మరుగుదొడ్డి ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. తెలిసినది ఆ రోజు మనసుకు రాలేదు.

నూతికి ఏమైందని ధనకొండ అడిగింది. చుట్టూ పది మంది ఉన్నారు. నమూనాలు తీసుకెళ్లి చూసి చెబుతానని హైమ అంది. బంధిని యూరియాను తినేటప్పుడు అమ్మోనియా వదులుతుందనీ, పొర కింద అది పోగుపడి ఉండొచ్చనీ, ఎవరూ నూతిలోకి దిగొద్దనీ ఆమె చెప్పవలసింది. చెబితే, తానిచ్చిన మందే ఊరి నీళ్లను చెడగొట్టిందని అక్కడికక్కడే ఒప్పుకోవలసి వచ్చేది. ఒక్క రోజు ఆగి, అంతా రూఢి చేసుకుని, వదినను పక్కకు పిలిచి చెప్పుకుందామనుకుంది.

మర్నాడు పొద్దున్నే ఎల్లాజీ నడుముకు తాడు కట్టుకుని, ఉలీ సుత్తీ తీసుకుని నూతిలోకి దిగాడు. అడుగున కట్టిన పొర పగలగొడితే కింద ఊట ఉంటుందని ఊళ్లో అందరూ అనుకున్నదే. తాడు పట్టుకున్నవాళ్లకు కొంతసేపు దెబ్బల చప్పుడు వినిపించింది. తర్వాత బుస్సుమన్న చప్పుడు, ఒక్క కేక. ఘాటు పైకి ఎగదన్నడంతో తాడు పట్టుకున్నవాళ్లే కళ్లు మూసుకుని వెనక్కి పడ్డారు. లేచి అతన్ని పైకి లాగేసరికి ఊపిరి లేదు.

హైమ వచ్చేటప్పటికి అరుగు మీద పడుకోబెట్టి ఉన్నారు. ధనకొండ కొడుకు ముఖం తడిగుడ్డతో తుడుస్తోంది. హైమ ఆమె పక్కన కూర్చుని, తనకు నిన్ననే తెలుసని చెప్పింది. చెప్పకుండా ఉండగలిగేదే, కానీ ఇక దాచలేకపోయింది. ధనకొండ తుడుస్తున్న చెయ్యి ఆగింది.

"నిన్న తెలుసా?" అంది.

హైమ తల ఊపింది. ధనకొండ గుడ్డ మళ్లీ తడిపి తుడవసాగింది. ఆ రోజు, కర్మల రోజున, ఆ తర్వాత చాలా కాలం ఆమె హైమతో మాట్లాడలేదు.

ఊరు ఒక్కసారిగా ఖాళీ కాలేదు. కొన్నాళ్లు ట్యాంకర్లు వచ్చాయి. తర్వాత, రోజూ ట్యాంకరు పంపడానికి ఏ పద్దులోనూ వీలు లేదని అధికారులు అన్నారు. ముందు పసిపిల్లలున్నవాళ్లు వెళ్లారు, తర్వాత పడవలు అమ్ముకోగలిగినవాళ్లు, తర్వాత మిగిలినవాళ్లు. ఎక్కువమంది రేవుపురం రొయ్యల ఫ్యాక్టరీల్లో చేరారు. ధనకొండ కూడా ఐసు ఫ్యాక్టరీ వెనక ఒక గది అద్దెకు తీసుకుని రొయ్యల తొక్క తీసే పనికి కుదిరింది. పదవీకాలం ఇంకా ఉంది కాబట్టి కాగితాల మీద ఆమె చినముక్కాం సర్పంచే. సముద్రం చినముక్కాన్ని మళ్లీ ముట్టుకోలేదు. తలుపులు తీసి ఉన్న ఇళ్లతో, ఎండిన నూతులతో ఊరు ఊరిలాగే నిలబడి ఉంది.

ఎల్లాజీ చావు మీద మండలి వేసిన విచారణ కమిటీ ముందు హైమ ఏదీ దాచలేదు. మందు తనే ఇచ్చానంది. భూగర్భ డ్రైనేజీ లేని చోట బంధిని ఆగదని, మంచినీళ్లు పోతాయని, మనుషులు చచ్చిపోతారని వివరంగా చెప్పింది. ఆమెను ఉద్యోగం నుంచి తీసేశారు. ఆమె చెప్పింది మాత్రం ఉన్నదున్నట్టు తీసుకుని మండలి ఒక నిబంధన చేసింది: పూర్తి డ్రైనేజీ ఉన్న చోట్ల మాత్రమే బంధిని గోడ కట్టాలి. ఆ తీరంలో డ్రైనేజీ ఉన్నవి పట్నాలే. ఒక్కో పట్నమూ గోడ కట్టుకుంది. ఒక్కో పట్నానికీ ఉత్తరాన ఉన్న పల్లెకు ఇసుక ఆగిపోయింది.

అలా ఇసుక ఆగిపోయిన ఊళ్లలో పెదగెడ్డ ఒకటి. దాని సర్పంచి మైలపల్లి గురుమూర్తి ఒక మధ్యాహ్నం హైమ ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. చినముక్కాం సంగతి ఆయనకు మొత్తం తెలుసు. వెళ్లి కళ్లారా చూసే వచ్చానన్నాడు. అయినా మందు కావాలన్నాడు. గుంటలన్నీ మూసేస్తారట. నీళ్లు ఎక్కడినుంచో మోసుకుంటారట. ఊరంటూ ఉంటే తక్కినవి తర్వాత చూసుకోవచ్చునట. హైమ కుదరదంది. ఎల్లాజీ సంగతి చెప్పింది. గురుమూర్తి వాదించలేదు. ఇచ్చిన టీ తాగి, గ్లాసు కింద పెట్టి, దండం పెట్టి వెళ్లిపోయాడు.

ఆయన వెళ్లిన తీరు హైమను కుదురుగా ఉండనివ్వలేదు. సాయంత్రం షిఫ్టు వదిలే వేళకు ఐసు ఫ్యాక్టరీ సందులోకి వెళ్లి వదిన గది ముందు నిలబడింది. ధనకొండ వచ్చింది. రొయ్యల నీళ్లకు చేతులు పాచిపోయి తెల్లగా ఉన్నాయి. లోపలికి రమ్మని అనలేదు, పొమ్మనీ అనలేదు. హైమ గడపలోనే నిలబడి జరిగింది చెప్పింది.

ధనకొండ చేతులు కడుక్కుని తుడుచుకుంది. తర్వాత అంది: "నా కొడుకు పేరు చెప్పి ఆళ్లని పంపించెయ్యకు."

"మందు ఇమ్మంటావా వదినా?"

"మందు ఇమ్మన్లేదు. పట్నంలో మనుషులు చావలేదు కదా. ఆళ్లకి గొట్టాలున్నాయి, మాకు లేవు. ఆ గొట్టాలు అడగాల. గోడ కావాలని నన్ను తీసుకెళ్లావు గాని, ముందు అదడగాలని నీకూ తెలవలేదు, నాకూ తెలవలేదు." తుడుచుకున్న గుడ్డ దండెం మీద వేస్తూ, "ఇప్పుడు తెలిసింది కదా," అంది.

ఆ వారంలోనే ఇద్దరూ గురుమూర్తిని, మరి కొందరు సర్పంచుల్ని కలుపుకుని మండలికి వెళ్లారు. చంద్రమౌళి లేచి నిలబడి ధనకొండకు కుర్చీ చూపించాడు. ఎల్లాజీ విషయంలో తాను చాలా బాధపడ్డానన్నాడు. ఆ మాట నిజంలాగే ఉంది. పల్లెలకు డ్రైనేజీ వేస్తే గోడకు తాను అడ్డు చెప్పనన్నాడు. అయితే డ్రైనేజీ తన మండలిది కాదు, వేరే శాఖది. ఆ శాఖ జనాభాను బట్టి ఇస్తుంది. పెదగెడ్డ జనాభా చాలదు. నాలుగు ఊళ్లు కలిసి ఒక్క పథకంగా అడిగితే పరిశీలించవచ్చు. కాగితాల మీద ఇంకా ఊరే అయిన చినముక్కాన్ని కూడా కలుపుకుని, నాలుగు ఊళ్ల తీర్మానాలు పట్టుకుని వాళ్లు ఆ శాఖకు వెళ్లారు. అక్కడి నుంచి సర్వేకి పంపారు. సర్వే జరుగుతుండగా వానాకాలం వచ్చింది.

కార్తీకంలో వచ్చిన తుఫాను పెదగెడ్డను తీసుకుపోయింది. జనమంతా షెల్టరులో ఉన్నారు, ఒక్క ప్రాణం కూడా పోలేదు. తెల్లారి తలుపులు తీసేసరికి ఊరున్న చోట నీళ్లున్నాయి. గురుమూర్తి తన వాళ్లను తీసుకుని కొంతకాలం బళ్లో, కొంతకాలం బంధువుల ఊళ్లలో తలదాచుకున్నాడు. నాలుగు ఊళ్ల డ్రైనేజీ పథకానికి సూత్రప్రాయంగా ఆమోదం లభించిందని సంక్రాంతి దాటాక కబురొచ్చింది. పెదగెడ్డ లేదు కాబట్టి జనాభా మళ్లీ తగ్గిందని, ఇంకో ఊరిని చేర్చుకుని రమ్మని అదే కబురులో ఉంది.

హైమకు ఇక ఓపిక లేదనిపించింది. తాను మందు ఇచ్చిన ఊరు ఇలా అయింది, ఇవ్వనన్న ఊరు అలా అయింది. రెండింటిలో ఏది తక్కువ తప్పో ఆమె ఎంత ఆలోచించినా తేలలేదు. ఆ మాటే వదినతో అంది. మంగళవారం తాను ఫ్యాక్టరీకి సెలవు పెట్టానని, పొద్దున్నే బస్టాండుకు రమ్మని ధనకొండ చెప్పింది.

మంగళవారం డ్రైనేజీ శాఖ కార్యాలయం వరండాలో, గోడవారనున్న బల్ల మీద ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. కొత్తగా చేరిన ఊరి సర్పంచి ఇంకా రాలేదు. లోపల ఏదో మీటింగు నడుస్తోంది. ఎండ వరండా సగం దాకా వచ్చింది. ధనకొండ ఒళ్లో ఉన్న తీర్మానాల కాగితాల మడత సరిచేసింది.

"ఎల్లాజీకి ఇయ్యాల్టికి ఇరవయ్యేడు నిండేవి," అంది.

అతను పోయాక ఆమె నోట ఆ పేరు అలా ఊరికే, ఎవరితోనూ పనిలేకుండా రావడం అదే మొదలు. హైమ వదిన చేతి మీద చెయ్యి వేసింది. ధనకొండ ఆ చేతిని తీసెయ్యలేదు.

లోపలి నుంచి అటెండరు వచ్చి, చేతిలోని కాగితం చూసుకుంటూ, "చినముక్కాం సర్పంచి గారు ఎవరండీ?" అని పిలిచాడు.

ధనకొండ కొంగు సర్దుకుని లేచింది.